సత్తెమ్మ తోమిన విమానం

2023లో, వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, పటేల్‌గూడలోని మా షాపుకి ఒక విమానం పని వచ్చింది. షాపు అంటే మా ఇంటి కింది వాటానే. ముందు గదిలో బల్లలు, వెనక గదిలో స్ప్రే బూత్. పెరట్లో తీగ మీద ఇంటి బట్టలు ఒక పక్క, క్లిప్పులకు వేలాడే వేలెడంత ట్యాంకులు, పైపులు ఇంకో పక్క ఆరుతుంటాయి. నేను చేసేది స్కేల్ మోడల్స్, అంటే అసలు వస్తువు కొలతలన్నీ ఒకే లెక్కన తగ్గించి చిన్నగా తయారుచేసి ఇవ్వడం. ఇరవై ఏళ్లుగా ఇదే వృత్తి. మా వీధిలో మాత్రం నేను బొమ్మల శారదమ్మని. పిల్లల పుట్టినరోజులకి బొమ్మలు అమ్ముతారా అని వచ్చేవాళ్లకి లేవని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి, ఇప్పుడు చెయ్యి ఊపి పంపేస్తున్నాను.

మా నాన్న ఇక్కడి పెద్ద ప్లాంటులో ఉద్యోగం కోసం తెనాలి నుంచి వచ్చి స్థిరపడ్డాడు. నేను ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చేసి, కొన్నాళ్లు ఒక మోడల్ షాపులో పనిచేసి, తర్వాత సొంతంగా పెట్టుకున్నాను. మందుల కంపెనీలకి రియాక్టర్ల మోడళ్లు, ఫ్యాక్టరీలకి కొత్త షెడ్డు కట్టకముందే దాని నమూనా, ఇంద్రేశం వైపు వెంచర్లు వేసేవాళ్లకి లేఅవుట్లు. స్పాంజితో చెట్లు చేయడంలో నాకు మంచి పేరు. అసలు వెంచర్లలో కంటే నీ మోడళ్లలోనే చెట్లు ఎక్కువుంటాయని మా ఆయన ఏడిపిస్తాడు. కాదనలేను.

నాకొక దురలవాటు ఉంది. ఏది చేసినా అందులో ఒక మూల కాస్త మాసినట్టు పెట్టాలి. కొత్త వస్తువుని వాడినట్టు కనిపించేలా చేయడాన్ని మా పనిలో వెదరింగ్ అంటారు. ఎండకు వెలిసిన రంగు, నూనె జారిన చార, తుప్పు, బురద, అన్నీ రంగులతోనే తెప్పిస్తాం. అడిగిన చోట పెడితే మెచ్చుకుంటారు, అడగని చోట పెడితే తిడతారు. ఆ ఏడాదే ఇంద్రేశం వెంచరు ఒకదానికి లేఅవుట్ చేసి, చేతులు ఊరుకోక నీళ్ల ట్యాంకు కింద సన్నగా తుప్పు చార పెట్టాను. ప్లాట్లు అమ్ముకునే చోట తుప్పు ట్యాంకు చూపిస్తావా అని ఓనరు ఫోన్లో నన్ను కడిగేశాడు.

ఆ తుప్పు చూసే అనంతరెడ్డి గారు మా షాపు వెతుక్కుంటూ వచ్చారు. డెబ్బై దాటిన మనిషి, ఇంద్రేశం పాత ఊరి వాసి, వ్యవసాయ కుటుంబం. తెల్ల చొక్కా, నిటారుగా నడక. గుమ్మంలో నిలబడే అడిగారు.

"గా వెంచర్ ఆఫీసుల నీళ్ల ట్యాంకికి తుప్పు పెట్టింది నువ్వేనా బిడ్డా?"

ఇదేదో రెండో విడత తిట్లు అనుకుని నేనూ సిద్ధపడ్డాను. అవునండీ నేనే, ఓనరు గారి కోటా అయిపోయింది, మీరూ కానివ్వండి అన్నాను.

"తిట్టనీకి రాలే. తుప్పు యాడికెల్లి మొదలయితదో గాడికెల్లే పెట్టినవ్. కూసుంట, జెర మంచినీళ్లు ఇయ్యి."

కూర్చుని సంగతి చెప్పారు. చిన్న వయసులో విమానదళంలో చేరి, పదిహేనేళ్లు ఫైటర్ విమానాల దగ్గర మెకానిక్‌గా చేశారట. ఏ స్థావరంలో అంటే మాత్రం చెప్పలేదు. చెప్పకూడదన్న అలవాటు ఇన్నేళ్లయినా పోలేదు. అక్కడ ముగ్గురు మనుషులకి ఒక విమానం అప్పగించేవాళ్లు. రెడ్డి గారు, పంజాబు నుంచి గుర్మీత్, తమిళనాడు నుంచి సెల్వం. పైలట్లు మారేవాళ్లు కానీ ఆ విమానానికి ఈ ముగ్గురే. ఒంటి మీద రంగు లేని, అల్యూమినియం రేకు అలాగే కనిపించే పాత తరం విమానం. ఫోటోలు తీయకూడదన్న కట్టడి వల్ల ముగ్గురూ దాని పక్కన నిలబడ్డ ఫోటో ఒక్కటి కూడా లేదు.

ఆ దసరాకి గుర్మీత్ ఇంద్రేశం వస్తున్నాడు. కొడుక్కి లారీల వ్యాపారం, పటాన్‌చెరులో పని పెట్టుకుని తండ్రిని కూడా తీసుకొస్తున్నాడు. సెల్వం మోకాలి ఆపరేషన్ వల్ల రాలేకపోతున్నాడు. అయితే గుర్మీత్ కొడుకు ముందే ఒక మాట చెప్పాడట. నాన్నకి మతిమరుపు జబ్బు ముదిరింది, కొన్ని రోజులు నన్నే ఎవరని అడుగుతున్నాడు, మిమ్మల్ని గుర్తుపట్టకపోతే మనసు కష్టపెట్టుకోకండి అని. ఈ మాట చెప్పేటప్పుడు రెడ్డి గారు మంచినీళ్ల గ్లాసు వైపే చూస్తూ చెప్పారు.

అందుకే విమానం కావాలి. తన మొహం ముసలిదైపోయింది, గుర్మీత్‌కి గుర్తుండకపోవచ్చు. విమానానికి ముసలితనం రాదు కదా అన్నది ఆయన ఆలోచన. మరి దాని నంబరు చెప్పండి, తోక మీద వేస్తాను అంటే ఒప్పుకోలేదు.

"నంబర్ ఎయ్యకు. నంబర్ సూసి చెప్తే అది చదువుడు అయితది, యాదికొచ్చుడు కాదు. నంబర్ లేకున్న వాడు గుర్తుపట్టాలె."

విడి భాగాలు అతికించుకునే ప్లాస్టిక్ కిట్టు తెప్పించాను. ముప్పై రెండో వంతు సైజు, అంటే మూరెడు పొడవు. ముక్కు ముందు సూదిలా పొడుచుకొచ్చే పిటో ట్యూబ్ అని ఒకటి ఉంటుంది, ఎదురొచ్చే గాలి ఒత్తిడిని బట్టి వేగం కొలవడానికి. కిట్టులో అది పుల్లలా లావుగా ఉంది. సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల కంపెనీలో పనిచేసే మా తోడికోడలిని అడిగి, పక్కన పడేసిన ఇంజెక్షన్ సూది గొట్టాలు తెప్పించి వాడాను. విమానాలు చేసినప్పుడల్లా ఇదే చిట్కా.

అసలు పరీక్ష రంగు దగ్గర. మామూలు రంగు, కింద ఏ చిన్న గీత ఉన్నా కప్పేస్తుంది. లోహపు రంగు కప్పదు, పైగా అందరికీ చూపిస్తుంది. ముందు అద్దంలా మెరిసే నల్ల రంగు వేసి, అది గట్టిపడ్డాక దాని మీద ఎయిర్‌బ్రష్‌తో అల్యూమినియం లాకర్, అంటే త్వరగా ఆరే లోహపు రంగు, పొగలాగా పలచగా కొట్టాలి. ఎయిర్‌బ్రష్ అంటే పెన్ను సైజులో ఉండే స్ప్రే గన్. గాల్లో తేమ ఉంటే లాకర్ తెల్లబడుతుంది. ఆ చివరి వానల్లో ఎండ కాసిన రోజు కోసం ఆకాశం చూస్తూ కూర్చునేదాన్ని. విమానం ఒళ్లంతా ఒకే రేకు కాదు కాబట్టి, ఒక్కో రేకు ముక్కకి చుట్టూ టేపు అంటించి ఒక్కో ఛాయ. వెనక మంటలొచ్చే గొట్టం దగ్గర వేడికి కమిలిన నీలం, గోధుమ రంగు.

ఆ తర్వాత వెదరింగ్. రంగు వేసిన విమానానికైతే రంగు పెచ్చులూడి కింద లోహం కనబడేటట్టు చేస్తే చాలు, ఎవరైనా పాతదంటారు. దీనికి ఊడటానికి రంగే లేదు. రేకుల మధ్య సందుల్లోకి పలచటి నూనె రంగు దించాను, దాన్ని వాష్ అంటారు. కడుపు కింద ఆయిలు చారలు, చక్రాల దగ్గర మట్టి. చివరికి అంతటా ఒక బూడిద రంగు పొర. ఎందుకంటే అల్యూమినియం ఆరుబయట ఉంటే మెరుపు చచ్చి మసకబారుతుంది. నాకు దొరికిన ఫోటోల్లో ఆ తరం విమానాలన్నీ అలాగే మసగ్గా ఉన్నాయి. నా పని నాకే ముద్దొచ్చింది.

రెడ్డి గారు ఈసారి భార్యని కూడా వెంటబెట్టుకొచ్చారు. ఆవిడ పేరు సత్తెమ్మ. పెళ్లయిన దగ్గర్నుంచి ఈ విమానం కబుర్లు వినీ వినీ విసిగిపోయిన మనిషి. లోపలికి వస్తూనే నాతో చెప్పింది.

"నా సవతిని సూద్దామని వచ్చిన బిడ్డా. నా పుట్టినదినం యాదుండదు గానీ దాని టైర్ల గాలి యాదుంటది ఈయనకు."

రెడ్డి గారు ఆ మాటలు పట్టించుకోకుండా విమానం చుట్టూ తిరిగారు. వంగి చూశారు, కళ్లజోడు తీసి చూశారు. నేను పొగడ్త కోసం మొహం సిద్ధం చేసుకున్నాను.

"ఇమానం మంచిగనే ఉన్నది. కని మాది కాదు."

నాకు ఒళ్లు మండింది. ఏం తేడా అని అడిగితే చెప్పలేకపోయారు. ఏదో లేదు, ఏదో తక్కువున్నది అంటారు, అంతే. చారలు పెంచాను, వచ్చి చూసి తల అడ్డంగా ఊపారు. గొట్టం దగ్గర కమిలిన రంగు తగ్గించాను, మళ్లీ అదే. రాత్రి కలలో తెలిసిపోయి పొద్దున లేవగానే మర్చిపోయినవాడిలా తన మీద తనే చిరాకు పడేవారు. ఆయనకి జ్ఞాపకం లేనిది నేనెక్కడి నుంచి తెచ్చేది? ఇలా ఉంటే మీ సవతిని మీరే తీసుకుపొండి అని సత్తెమ్మతో అనేశాను. ఆవిడ నవ్వింది గానీ, రెడ్డి గారు నవ్వలేదు. గుర్మీత్ గుర్తుపట్టడం సంగతి అటుంచి, తనకే గుర్తు రావడం లేదన్న దిగులు ఆయన మొహంలో కనిపించి, నోరు పారేసుకున్నందుకు నాకూ బాధేసింది.

పండుగ దగ్గర పడింది. ఉన్నదాన్నే ఇంటికి తీసుకెళ్లారు.

ఈ ఫ్యాక్టరీల బెల్టులో దసరా అంటే ఆయుధపూజే. లేత్ మిషన్ నుంచి ఫోర్క్‌లిఫ్ట్ దాకా అన్నిటినీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, దండలు వేస్తారు. ఆ రోజు ఏ ఫ్యాక్టరీలోకి వెళ్లినా మిషన్లన్నీ పెళ్లికొడుకుల్లా ఉంటాయి. రెడ్డి గారి ఇంట్లో ఈసారి విమానానికి కూడా పూజ చేద్దామనుకున్నారు. పండుగకి ఇంకా నాలుగైదు రోజులుందనగా ఆయన నుంచి ఫోన్. మాట కూడబలుక్కుంటూ, ఉన్నపళంగా రమ్మన్నారు. ఏమైందంటే, వచ్చి చూడు అని పెట్టేశారు.

స్కూటీ మీద ఇంద్రేశం చేరేసరికి వాకిట్లో చెరువు కట్టినంత తడి. ఒక పక్క తోమి బోర్లించిన ఇత్తడి బిందెలు, వెండి కుందులు. వాటి మధ్యలో, పీట మీద, నా విమానం. పక్కన చింతపండు ముద్ద, పళ్లపొడి, పాత బట్ట ముక్క.

నేను నోరు తెరిచేలోపే సత్తెమ్మ అందుకుంది. తప్పు చేసిన దానిలా కాదు, న్యాయం అడిగే దానిలా.

"మబ్బుల్ల తిరిగేది గంత మురికుంటే మంచిగుంటదా? ఎక్కడెక్కడి నుంచో సుట్టాలొస్తరాయె. మురికిదానికి బొట్టెట్ల పెడ్తం?"

తర్కంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. వెండి రంగులో ఉంది, మసకబారింది, పండుగ వచ్చింది. ఆ ఇంట్లో వెండి మసకబారితే చేసే పనే ఆవిడ చేసింది. ముందున్న సూది చేతికి గుచ్చుకుంటోందని పీకి కుంకుమ భరిణెలో భద్రంగా దాచింది. చక్రాలు విరుగుతాయన్న భయంతో విమానాన్ని పడుకోబెట్టకుండా నిలబెట్టే, ఒక చేత్తో తోక పట్టుకుని, రెండో చేత్తో కింది నుంచి పైకి తోముకుంటూ పోయింది. ఎడమ పక్క చాలా భాగం అయ్యాక రెడ్డి గారు బజారు నుంచి వచ్చి కేక పెట్టారు. చెయ్యి అక్కడ ఆగింది.

వారాల తరబడి చేసిన పని చింతపండు పులుసై పీట కింద కారుతుంటే నాకు ఏడుపొచ్చింది. నాలుగు మాటలు అనేద్దామనే రెడ్డి గారి వైపు తిరిగాను. ఆయన అరుగు అంచున కూర్చుని విమానాన్నే చూస్తున్నారు. మొహంలో కోపం లేదు.

"శారదమ్మా, గా గీత సూడు."

చూశాను. సత్తెమ్మ చెయ్యి వెళ్లినంత మేర బూడిద పొర పోయి కింద లాకర్ తళతళా మెరుస్తోంది. వీపు మీద, చెయ్యి ఆగిన చోటు నుంచి పైకి, నేను వేసిన మసక అలాగే ఉంది. రెండిటి మధ్య వంకరటింకర గీత, తోక దాకా.

"గిదే. గిదే నేను మర్చిపోయింది," అని లేచి నిలబడ్డారు.

అప్పుడు ఒక్కో ముక్కా బయటికొచ్చింది. ప్రతి దసరాకీ ఆ ముగ్గురూ విమానాన్ని గుడ్డలతో, పాలిష్‌తో చేతులు నొప్పి పుట్టేలా రుద్దేవాళ్లట. ఎడమ పక్క గుర్మీత్‌ది, కుడి పక్క సెల్వంది. నిచ్చెన దొరికేది కాదు, దొరికినా ఎక్కే ఓపిక లేదు. నేల మీద నిలబడి చెయ్యి అందినంత ఎత్తే తోముడు. గుర్మీత్ ఆరడుగులు దాటిన మనిషి, అతని గీత దాదాపు వీపు దాకా పోయేది. సెల్వం పొట్టి, అతని గీత రెక్క దాటి జానెడు పైకి వెళ్తే గొప్ప. ఎదురుగా నిలబడి చూస్తే రెండు వేరే విమానాలు చీల్చి అతికించినట్టుండేదట. ఆఫీసర్లు తిట్టేవాళ్లు. సగం పనికి సగం జీతమే ఇవ్వాలని గుర్మీత్ సెల్వాన్ని ఏడాది పొడుగునా ఏడిపించేవాడు.

మరి మీరెక్కడ అని అడిగాను.

"నేను కడుపు కింద. ఎల్లకిల పండుకొని. నా పని ఎవ్వనికి కానరాకపోవు," అని నవ్వారు. ఆ విమానం పని మొదలైనప్పటి నుంచి ఆయన పూర్తిగా నవ్వడం అదే మొదటిసారి.

నా కోపం ఎటు పోయిందో తెలియదు. వెంటనే విమానాన్ని స్కూటీ ముందు అట్టపెట్టెలో పెట్టుకుని, కుంకుమ భరిణెలోంచి సూది గొట్టం తీసుకుని బయల్దేరాను. చింతపండు పులుపంతా కడిగి, దెబ్బతిన్న చోట్ల లాకర్ మళ్లీ కొట్టి, ఆరనిచ్చి, ఒళ్లంతా బూడిద పొర తిరిగి వేశాను. ఇక మెరుపు గీతలు పెట్టాలి. ఎయిర్‌బ్రష్‌తో ప్రయత్నిస్తే గీత వచ్చింది కానీ మనిషి చెయ్యి రాలేదు. మరీ నున్నగా, తీరుగా, గోడకి వేసిన బోర్డరులా ఉంది. రుద్దిన మెరుపు రుద్దితేనే వస్తుంది. నా దగ్గర పాలిషింగ్ పౌడర్ ఉంటుంది, పిండి కంటే మెత్తగా. రెడ్డి గారికి ఫోన్ చేసి ఇద్దర్నీ షాపుకి రమ్మన్నాను.

సత్తెమ్మ అనుమానంగా వచ్చింది, ఇంకా తిట్లు మిగిలున్నాయేమోనని. గుడ్డ చేతికిచ్చి, ఎడమ పక్క మీరు మొదలుపెట్టారు కాబట్టి మీరే పూర్తిచేయాలి, ఈసారి చింతపండు లేకుండా అన్నాను. ఆవిడ ముక్కు మీద వేలేసుకుంది. తర్వాత చీర చెంగు బిగించి కూర్చుంది. రెడ్డి గారు పక్కన నిలబడి గుర్మీత్ చెయ్యి ఎక్కడ దాకా పోయేదో, అలసిపోయి తోక దగ్గర ఎక్కడ దిగేదో చెబుతుంటే, ఆవిడ వేలితో రుద్దుతూ పోయింది. ఈ సవతికి తలంటు కూడా నా చేతుల మీదే రాసిపెట్టి ఉందని నవ్వుతూనే ఉంది, చెయ్యి మాత్రం ఆపలేదు. కుడి పక్క సెల్వం పని నేను చేశాను. పొట్టివాళ్ల పని పొట్టివాళ్లకే అని రెడ్డి గారు అంటే, పోనీలెమ్మని ఊరుకున్నాను.

కడుపు కింద ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. దిండు మీద విమానాన్ని వెల్లకిలా పడుకోబెట్టి ఆయనే రుద్దారు. కొన్ని చోట్ల ఎక్కువ మెరిసింది, కొన్ని చోట్ల అసలు మెరవలేదు. సరిచేయనా అని నేను అడగలేదు. పని అయ్యాక విమానాన్ని నిలబెట్టి, ముందు నుంచి ఒకసారి చూసి, వెంటనే మొహం పక్కకి తిప్పుకున్నారు. ఈసారి మాది కాదన్న మాట రాలేదు.

దసరా రోజు నన్నూ మా ఆయన్నీ పిలిచారు. హాల్లో టేబుల్ మీద విమానం. ముక్కు మీద పసుపు, కుంకుమ బొట్టు, తోకకి చిన్న బంతిపూల దండ. ఏ రేకు మీదా చెయ్యి పడకుండా సత్తెమ్మ చుట్టుపక్కల పిల్లల్ని తరుముతోంది.

గుర్మీత్ గారిని కొడుకు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు. తెల్ల గడ్డం, నీలం తలపాగా, గుమ్మానికి వంగి రావలసినంత ఎత్తు. రెడ్డి గారు రెండు చేతులూ చాపి ఎదురెళ్లారు. గుర్మీత్ గారు మర్యాదగా నమస్తే జీ అన్నాడు. కొత్తవాళ్లకి పెట్టే నమస్కారం అది. రెడ్డి గారి చేతులు అలాగే కాసేపు గాల్లో ఉండి, తర్వాత నమస్కారంలోకి మారాయి. కొడుకు ఇబ్బందిగా చూశాడు. నాకు అక్కడి నుంచి వెళ్లిపోవాలనిపించింది.

కూర్చోబెట్టారు. సెల్వం గారికి వీడియో కాల్ కలిపి కొడుకు ఫోను పట్టుకున్నాడు. అటు నుంచి ఆయన అరిచి పలకరించినా గుర్మీత్ గారు ఫోను వైపు అరక్షణం చూసి ఊరుకున్నాడు. సత్తెమ్మ చాయ్ తెచ్చింది. గుర్మీత్ గారి చూపు గోడలన్నీ తిరిగి టేబుల్ దగ్గరికి వచ్చింది. ఎవరూ చెప్పకుండానే లేచాడు.

ముందు నుంచి చూశాడు. తర్వాత కుడి పక్కకి నడిచి నిలబడ్డాడు. గడ్డంలోంచి నవ్వు ఉబికింది.

"సెల్వం నే ఫిర్ ఆధా ఛోడ్ దియా."

సెల్వం మళ్లీ సగమే చేసి వదిలేశాడు అని. ఫోన్లోంచి సెల్వం గారు పొట్టిది నా చెయ్యి, నా పని కాదు అని హిందీలో గొడవకి దిగాడు. ఆ గొంతులో నవ్వో ఏడుపో తెలియలేదు. గుర్మీత్ గారు ఎడమ పక్కకి వచ్చి ఆ వంకర గీత వెంబడి బొటనవేలు పోనిచ్చాడు, తోక దాకా, మళ్లీ వెనక్కి. తర్వాత మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, తలపాగా జారకుండా ఒక చేత్తో పట్టుకుని, వంగి విమానం కడుపు కిందికి చూశాడు. అక్కడ ఎవరో ఉన్నట్టే పిలిచాడు.

"రెడ్డీ, బాహర్ ఆ. చాయ్ ఆ గయీ."

రెడ్డీ, బయటికి రా, చాయ్ వచ్చింది.

రెడ్డి గారు ఆయన వెనకే నిలబడి ఉన్నారు. చేతిలో చాయ్ కప్పు పక్కన పెట్టారు.

"ఆయా, ఉస్తాద్," అన్నారు, వచ్చేశా గురువా అని.

గుర్మీత్ గారు లేచి వెనక్కి తిరిగాడు. ఆ గొంతునీ ఆ మొహాన్నీ కలుపుకోవడానికి కొంత సమయం పట్టింది. తర్వాత రెడ్డి గారి భుజం మీద చెయ్యి వేసి, చొక్కాకి ఆయిలు మరకలున్నాయేమో అన్నట్టు దులిపాడు. మా ఆయన గబగబా వాకిట్లోకి వెళ్లిపోయాడు, ఫోన్ వచ్చిందని. ఫోన్ ఏమీ రాలేదు. సత్తెమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, సవతి అయితే అయింది గానీ మంచిదే అని నాతో అంది.

భోజనాలయ్యాక గుర్మీత్ గారు మళ్లీ మర్చిపోయాడు. ఈ ఇల్లు ఎవరిదని కొడుకుని మెల్లగా అడగడం నేను విన్నాను. రెడ్డి గారూ విన్నారు. నేను బాధపడుతుంటే ఆయనే నన్ను ఓదార్చారు.

"ఒక్కసారి పిల్సిండు గద బిడ్డా. సాలు."

ఆ విమానం ఇప్పటికీ ఇంద్రేశంలో ఆ హాల్లోనే ఉంది. ప్రతి దసరాకీ సత్తెమ్మ నా దగ్గర పాలిషింగ్ పౌడర్ తీసుకుని ఎడమ పక్క తనే రుద్దుతుంది, కడుపు కింద రెడ్డి గారు. కుడి పక్క కోసం నాకు కబురొస్తుంది.

నా పనిలో మాత్రం ఒక పద్ధతి మారింది. అంతకుముందు వెదరింగ్ అంటే మురికి పెట్టడం అనుకునేదాన్ని. ఎండ ఎటు, వాన ఎటు, నూనె ఎక్కడ కారింది, ఇవే అడిగేదాన్ని. ఇప్పుడు ఏ లోహపు మోడల్ పని వచ్చినా కొలతల కంటే ముందు ఇంకో ప్రశ్న అడుగుతున్నాను. మొన్న ఒక మందుల కంపెనీ ఇంజినీరు స్టీలు రియాక్టర్ మోడల్ కావాలని వస్తే ఆయన్నీ అడిగాను. దీన్ని రోజూ తుడిచేది ఎవరండీ, వాళ్ల ఎత్తెంత?